మట్టి కాఫీ కప్పు కింద తడి మరక ఎందుకొస్తోంది?

లోపలా బయటా గ్లేజ్ (కాల్చాక గాజులా మెరిసే పూత) చక్కగా పట్టింది. అయినా కప్పులో నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే, పొద్దున్నకి బల్ల మీద గుండ్రటి తడి మరక. అందరూ ముందు గ్లేజ్‌నే తిడతారు. అసలు లోపం సాధారణంగా మట్టిది: కాల్పు చాలక ఇంకా నీరు పీలుస్తోంది. గ్లేజ్‌లో కంటికి ఆనని నెర్రె ఒక్కటున్నా నీళ్లు దారి చేసుకుంటాయి. అలాంటి కప్పుని మైక్రోవేవ్‌లో పెడితే పిడి చెయ్యి కాలుస్తుంది.

అనుమానం తీరాలంటే తూకం వేయాలి. అదే మట్టితో చేసి అదే కాల్పులో కాల్చిన, గ్లేజ్ వేయని ముక్కని పొడిగా తూచండి. 2 గంటలు నీళ్లలో మరిగించి, చల్లారాక పైతడి తుడిచి మళ్లీ తూచండి. 100 గ్రాములది 104 అయితే 4 శాతం తాగినట్టు. కాఫీ కప్పుకి నేను 2 శాతం దాటనివ్వను. దాటితే, ఆ మట్టికి చెప్పిన గరిష్ఠ వేడి దాకా కాల్చి చూడండి. కిల్న్ (పాత్రలు కాల్చే కొలిమి) మీద కనిపించే అంకెను నమ్మొద్దు, పాత్రల పక్కనే కోన్ (తగిన వేడి తగిలితే మెత్తబడి వంగే చిన్న శంకువు) పెట్టండి. అది వంగిన తీరే అసలు లెక్క. తక్కువ వేడి మట్టి అయితే వేడి పెంచినా లాభం లేదు, వంగి కూలిపోతుంది. మట్టి మార్చాల్సిందే.

గ్లేజ్ నిండా నెర్రెలు, కిల్న్ తెరిచాక టింగ్ టింగ్ చప్పుడు: చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటోంది. గ్లేజ్‌లో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం, పొడిగా) కొద్దికొద్దిగా పెంచి ముక్కల మీద పరీక్షించండి. మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

ఇక కప్పుకి వచ్చే ఇతర పగుళ్లు. అడుగున ఎస్ ఆకారపు బీట: కుమ్మరి సారె మీద అడుగుని సరిగ్గా అదమలేదు, లేదా లోపల నీళ్లు నిలిచాయి. మధ్య నుంచి అంచుకి, అంచు నుంచి మధ్యకి గట్టిగా నొక్కండి, నీళ్లు స్పాంజితో తీసేయండి.

పిడి మొదట్లో పగులు: కప్పు సగం ఆరింది, పిడి ఇంకా పచ్చిగా ఉంది. తడి ఎక్కువున్నదే ఎక్కువ ముడుచుకుంటుంది, అతుకు దగ్గర తెగుతుంది. గోటితో నొక్కితే రెండింటి మీదా ఒకేలా గుర్తు పడాలి, అప్పుడే అతికించండి. రెండు వైపులా గీతలు గీసి, అదే మట్టిని నీళ్లలో చిక్కగా కలిపి రాసి, కదిలిస్తూ నొక్కండి. తర్వాత ప్లాస్టిక్ కవర్ కప్పి రెండు రోజులు వదిలేయండి. తొందరపడి ఫ్యాన్ కింద పెట్టారో, మళ్లీ మొదటికే.

గ్లేజ్ వేయకముందు చేసే మొదటి కాల్పు తర్వాత కనిపించిన పగులుని గ్లేజ్‌తో పూడ్చి అమ్మకండి. వేడి కాఫీ నిండుగా ఉన్నప్పుడు పగులు దగ్గర ఊడితే ఒళ్లు కాలుతుంది. నావి అలాంటివి మూడున్నాయి, బ్రష్షులు పెట్టుకుంటున్నాను.