మంచి సినిమా ఉంది, ఇంట్లో ఎవరూ చూడట్లేదు: సమస్యలు - పరిష్కారాలు

పెద్దగా ఆడకుండా పోయిన సినిమాల్లో మంచివి చాలానే ఉన్నాయి. వాటిని ఇంట్లో నలుగురి మధ్య కూర్చుని చూడ్డమే కష్టం. ఎక్కడ చెడుతుందో చూద్దాం.

సమస్య: గంటసేపు వెతికి, చివరికి పాత కామెడీయే మళ్లీ పెడుతున్నారు

కారణం: ఓటీటీ మొదటి పేజీలో కొత్తగా వచ్చినవి, ఊరంతా చూస్తున్నవి, మీరు ఇదివరకు చూసినవాటిలాంటివే కనిపిస్తాయి. ఎప్పుడో చిన్నగా వచ్చి వెళ్లిపోయిన సినిమా కావాలంటే పేరు మీరే కొట్టాలి.

పరిష్కారం: రిమోట్ పట్టుకోకముందే పేరు తేల్చుకోండి. పేర్లెక్కడ దొరుకుతాయంటే, మీకు తెలిసిన నటుడినో దర్శకుడినో పట్టుకుని తీగ లాగండి. నటుడు ప్రియదర్శిని కామెడీ పాత్రల్లోనే చూసుంటే 'మల్లేశం' (2019) చూడండి. చీరకి ఆసు పోసీ పోసీ (నేతకి ముందు దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చుట్టడం) అమ్మ భుజం పడిపోతుంటే చూడలేక యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం కథ. తర్వాత 'మెయిల్' (2021). ఊళ్లోకి కంప్యూటర్ అప్పుడప్పుడే వచ్చిన రోజులు, అక్కడ గేమ్స్ షాపు పెట్టినవాడి పాత్ర ప్రియదర్శిదే.

ఇంకో తీగ: తనికెళ్ల భరణి. ఆయన దర్శకత్వంలో వచ్చిన 'మిథునం' (2012)లో తెరమీద ఉండేది బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే. తోట, వంట, కీచులాట. ఆ తర్వాత ఆయన నటించిన 'గ్రహణం' (2004). చలం కథ 'దోషగుణం' ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన మొదటి సినిమా అది. చలం కాబట్టి, పిల్లలు పడుకున్నాక పెట్టుకోవడం మేలు.

సమస్య: ఇరవై నిమిషాలకే అందరూ ఫోన్లు తీశారు. "స్లోగా ఉంది"

కారణం: మొదటిరోజే గట్టిది పెట్టారు. బి. నర్సింగరావు 'దాసి' (1988) నాకు చాలా ఇష్టం. దొర గడీలో బతికే దాసి పాత్రకి అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది. కానీ అందులో మాటలు తక్కువ, గడీ గోడల మధ్య కాలం మెల్లగా నడుస్తుంది. అలవాటు లేనివాళ్లని దానిముందు కూర్చోబెడితే మీ మాట మళ్లీ ఎవరూ వినరు.

పరిష్కారం: నవ్వుతో మొదలుపెట్టండి. 'సినిమా బండి' (2021) రెండు గంటలు కూడా ఉండదు. మరోవారం 'కేరాఫ్ కంచరపాలెం' (2018). విశాఖలోని కంచరపాలెంలో, ఎక్కువగా అక్కడి మనుషులతోనే తీశారు, అందుకే ఎవరూ నటిస్తున్నట్టు ఉండదు. ముగింపు మాత్రం ముందే చెప్పేయకండి, కొట్టినంత పని చేస్తారు. అది నచ్చినవాళ్లు కన్నడ 'తిథి'కి సిద్ధమైనట్టే. మండ్య వైపు పల్లెల్లో, నటన తెలియనివాళ్లతో తీసిన ఆ సినిమాలో నూటొక్కేళ్ల ముసలాయన చనిపోతే దినం అయ్యేలోపు మూడు తరాలవాళ్లు చేసే నిర్వాకం భలేగా ఉంటుంది.

సమస్య: మీరు చెప్పిన సినిమా అంటేనే జనం తప్పించుకుంటున్నారు

కారణం: "నేషనల్ అవార్డు వచ్చింది తెలుసా" అని మొదలుపెడుతున్నారు. వినేవాడికి అది హోంవర్క్‌లా ఉంటుంది.

పరిష్కారం: అవార్డు ఊసు మానేసి కథలో ఒక్క ముక్క చెప్పి ఆపేయండి. 'సినిమా బండి'కైతే ఇలా: "ఆటోలో ఎవరో ఖరీదైన కెమెరా మర్చిపోయారు, ఆ ఆటో డ్రైవర్ ఊళ్లోవాళ్లతో కలిసి సినిమా తీద్దామనుకున్నాడు." చాలు. తర్వాతేమైందో వాళ్లే అడుగుతారు.

సమస్య: ఇంట్లో పెద్దవాళ్లకి సబ్‌టైటిల్స్ చదవడం రాదు

తెలుగు డబ్బింగ్ ఉంటే ఆడియో మార్చండి. లేకపోతే మాటలే లేని సినిమా పెట్టండి: సింగీతం శ్రీనివాసరావు, కమల్ హాసన్‌ల 'పుష్పక విమానం' (1987). పిల్లలూ చూస్తారు.

సమస్య: మాటలు వినపడవు, పాటలకి మాత్రం చెవులు పగులుతాయి. రాత్రి సీన్లలో ఏమీ కనపడదు

చిన్న సినిమాలకి ఇది ఎక్కువ దెబ్బ, వాటిలో మాటలు అరుపుల్లా ఉండవు కదా. సినిమాకి 5.1 ఆడియో (ఆరు స్పీకర్ల కోసం చేసిన సౌండ్) ఉండి, మీ టీవీకి రెండే స్పీకర్లుంటే మాటలు వెనక్కి పోతాయి. యాప్ ఆడియో మెనూలో స్టీరియో ఎంచుకోండి. అది లేకపోతే టీవీ సౌండ్ సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ పెట్టండి.

బొమ్మ చీకటిగా ఉంటే పవర్ సేవింగ్ ఆపి, పిక్చర్ మోడ్‌ని సినిమాకి మార్చి, గదిలో లైటు తీసేయండి. మరీ నున్నగా, టీవీ సీరియల్‌లా కనిపిస్తుంటే మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉన్నట్టు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మధ్యలో టీవీ తనకి తోచినవి కలిపేస్తుంది. ఆపేయండి.

సమస్య: పేరు కొడితే వేరే సినిమా వస్తోంది, లేదా అసలు రావట్లేదు

ఒకే పేరుతో రెండు సినిమాలుండటం మామూలే. 'పుష్పక విమానం' అని వెతికితే 2021లో వచ్చినదీ తగులుతుంది. 'కోర్ట్' అంటే 2025 తెలుగు సినిమా ముందుకొస్తుంది, మీకు కావలసింది చైతన్య తమ్హానే మరాఠీలో తీసిన 2014 నాటిది కావచ్చు. పేరు పక్కన సంవత్సరమో దర్శకుడి పేరో కలపండి.

హక్కుల గడువు అయిపోతే సినిమా ఒక యాప్ నుంచి పోయి ఇంకోదాంట్లో తేలుతుంది, అందుకే ఉన్నప్పుడే చూసేయాలి. పాతవాటికి ఇంకో దారి, వేరే భాషలో వెతకడం. శ్యామ్ బెనెగల్ 'అనుగ్రహం' (1978) హిందీలో 'కొండురా' పేరుతో ఉంది. తెలుగుది దొరక్కపోతే ఆ పేరు కొట్టి చూడండి.