బద్దలు అతికే ముందు నమూనా ఓడ పొట్టను సాపు చేయడం

ఓడ పొడవునా సాగే వెన్నుపలకకు, దానికి అడ్డంగా నిలిచే అడ్డుపలకలన్నీ అతికి జిగురు ఆరిన మరునాడు నమూనా ఓడ అచ్చం పులస ముల్లులా కనిపిస్తుంది. ఆ ముల్లు మీద వెంటనే పైతొడుగుగా వచ్చే సన్న చెక్క బద్దలు అతికేయాలని చెయ్యి లాగుతుంది, కానీ ఆగాలి. నమూనా ఓడ ముక్కలు కోసి అమ్మే కిట్‌లో బల్క్‌హెడ్‌లని రాసి ఇచ్చే ఈ అడ్డుపలకల అంచులు నిటారుగా కోసి ఉంటాయి, బద్ద మాత్రం ముక్కు వైపు, వెనుక వైపు ఏటవాలుగా వంగుతూ పోతుంది. అంచుకు వాలు ఇవ్వకుండా అతికితే బద్ద ప్రతి పలక దగ్గరా ఒక్క మూలనే తాకి, అక్కడ గూను లేచి, జిగురు పట్టక నాలుగు రోజులకే ఊడుతుంది. ఆ వాలు తీయడం, పొట్ట మొత్తాన్ని ఒకే వంపులోకి తేవడం ఇక్కడి విషయం.

కాకినాడ దగ్గరి తాళ్లరేవు, కోరంగి ప్రాంతంలో గట్టున నిలబెట్టిన చెక్క బోటును పైచెక్కలు వేయక ముందు చూసినవారికి ఈ మాట కొత్తగా అనిపించదు. ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసి పంపిన రేవు కోరంగి. 1839 నాటి తుపాను, గోదావరి తెచ్చిన మేట ఆ రేవును దెబ్బతీశాయి. అసలు బోటయినా, బల్ల మీద రెండడుగుల నమూనా అయినా పైచెక్క వంగే తీరు ఒక్కటే.

ఉప్పు కాగితం పట్టే ముందు చూడవలసినవి రెండున్నాయి. మొదటిది గుణ్యం. ప్రతి అడ్డుపలక వెన్నుపలకకు సరిగ్గా తొంభై డిగ్రీల్లో ఉందో లేదో చిన్న మూలమట్టంతో చూడాలి; వంకరగా అతికిన పలకను ఎంత సాపు చేసినా లాభం లేదు, జిగురు తడిపి ఊడదీయడమే మేలు. రెండవది చెమ్మ, దీన్ని పలకలు వెన్నుపలక గాళ్లలో అతకక ముందే చూసుకోవాలి. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో ప్లైవుడ్ నీటి ఆవిరి పీల్చి కొంచెం ఉబ్బుతుంది, గాళ్లు బిగుసుకుంటాయి. బిగువుగా ఉందని అప్పుడు గాడిని ఆకురాయితో వెడల్పు చేస్తే ఎండాకాలానికి పలక గలగలలాడుతుంది. ముక్కలను రెండు రోజులు పొడి గదిలో ఉంచి, ఆ తరువాతే గాడి సంగతి తేల్చుకోవాలి.

ముక్కు దగ్గర మొదటి రెండు పలకల మధ్య, వెనుక చివరి రెండింటి మధ్య ఖాళీలను చెక్క దిమ్మలతో నింపడం మంచిది. వంపు ఎక్కువగా ఉండేది అక్కడే, బద్దకు ఆనుకునే చోటు తక్కువగా ఉండేదీ అక్కడే. దిమ్మ చెక్క ప్లైవుడ్ కంటే గట్టిదిగా ఉండకూడదు. టేకు ముక్క పెడితే ప్లైవుడ్ అరిగిపోతుంది, టేకు అరగదు, చివరికి దిమ్మ గూనులా మిగులుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి దొరికితే సరేసరి, లేకపోతే బాల్సా అనే తేలిక చెక్క చాలు. కోనసీమలో ఊరికే దొరుకుతుంది కదా అని కొబ్బరి చెక్క మాత్రం పెట్టవద్దు. మెత్తని గుజ్జులో గట్టి పీచు ఉండే ఆ చెక్క అరిగేటప్పుడు గీతలు గీతలుగా లేస్తుంది. దిమ్మను ముందుగా ఉలితో ముతకగా చెక్కి, పలక అంచు కంటే ఒక మిల్లీమీటరు ఎత్తు ఉంచి అతికించాలి.

ఇక అసలు పని. ఓడ మధ్యలో అన్నిటికంటే వెడల్పయిన పలకను నడుము పలక అనుకుందాం. దానికి ముందున్న పలకలలో ముక్కు వైపు అంచును తీయాలి, నడుము వైపు అంచును ముట్టకూడదు. వెనుకనున్న పలకలలో వెనుక అంచును తీసి, నడుము వైపు అంచును ఉంచాలి. ఓడ అసలు ఆకారం ఆ ముట్టని అంచులోనే ఉంటుంది, దాన్ని అరగదీస్తే ఓడ సన్నబడిపోతుంది. ఎంత తీయాలో ముందే లెక్క కట్టవచ్చు. పలకలు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, ముందరి పలక ఒక పక్కన 8 మిల్లీమీటర్లు సన్నంగా ఉంటే, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక ముందు అంచులో సుమారు ఒక మిల్లీమీటరు పోవాలి. నడుము దగ్గర ఇది దాదాపు సున్నా, ముక్కుకు చేరే కొద్దీ గబగబా పెరుగుతుంది.

లేజర్‌తో కోసిన కిట్లలో అంచంతా నల్లగా మాడి ఉంటుంది, చాలామంది దాన్ని చూసి విసుక్కుంటారు, నాకు మాత్రం అది వరం. ఉప్పు కాగితం పడిన చోట నలుపు పోయి పసుపు చెక్క బయటపడుతుంది. నడుము వైపు అంచున వెంట్రుకంత నల్ల గీత మిగిలినంత వరకు హద్దు దాటలేదని అర్థం. ఆ గీత సన్నబడే కొద్దీ చెయ్యి తేలిక చేయాలి. రంపంతో కోసిన పలకలయితే అంచు మీద పెన్సిల్ దట్టంగా రుద్దుకుంటే అదే పని చేస్తుంది.

ఉప్పు కాగితాన్ని వేళ్లతో పట్టి రుద్దితే ఒక్కో పలక ఒక్కో రకంగా అరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో రెండంగుళాల కంటే సన్నగా, ఒక జానెడు పొడవున ముక్క కోసి, దానికి 80 నంబరు కాగితం అతికి పెట్టుకోవాలి. అది కొంచెం వంగుతుంది, ఎప్పుడూ మూడు పలకల మీదుగా ఆని ఉంటుంది. నడుము నుంచి ముక్కుకు, నడుము నుంచి వెనుకకు పొడవు దిక్కున తోయాలి, అడ్డంగా కాదు. వెనుక భాగంలో లోపలికి నొక్కుకుపోయిన వంపులకు అరంగుళం పీవీసీ గొట్టానికి కాగితం చుట్టుకుంటే చాలు. పలకల కొనలు పుటుక్కున విరుగుతాయి గనుక వాటి మధ్య పాత చెక్క ముక్కలు ఇరికించుకోవాలి, పొడి పీల్చకుండా మనం మాస్కు కట్టుకోవాలి.

నాలుగు తోపులకు ఒకసారి పరీక్ష బద్ద పెట్టి చూడాలి. ఈ పనిలో తీర్పు దానిదే, కంటిదీ పటానిదీ కాదు. కిట్‌లోని బద్దలలోనే నిలువు నార ఉన్నదాన్ని, ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. మొదట్లో నేను కొబ్బరి ఈనె పెట్టి చూసేవాణ్ని; మొదలు లావు, కొన సన్నం కావడంతో అది ఎటు తిప్పితే అటు వేరే వంపు చూపించేది. వెదురు బద్ద కూడా కణుపు దగ్గర మొండికేస్తుంది. మా వీధి వడ్రంగి మేస్త్రి అది చూసి, "అదేటండీ, ఈనెతో ఓడ కొలుస్తారా, ఏ బద్ద అతుకుతారో అదే పెట్టి చూడండి బాబూ" అన్నాడు, అంతటితో ఈనె చీపురులోకి వెళ్లింది.

బద్దను ముక్కు దగ్గర పిన్నుతో ఆపి, వేలితో నెమ్మదిగా నొక్కుతూ వెనుకకు తేవాలి. ప్రతి పలక మీదా అంచు మందమంతా తాకాలి. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే ఆ పలక లోతుగా ఉందని, ఏ పలక మీదైనా ఊగితే అది ఎత్తుగా ఉందని గుర్తు. పైన డెక్కు అంచు దగ్గర, నడి ఎత్తులో, కింద వెన్ను దగ్గర మూడు చోట్లా చూసి, ఎత్తు చోటుకు పెన్సిల్ గుర్తు పెట్టి, దాన్నే తీయాలి. నా రెండో ఓడకు ఒక సాయంత్రం ట్యూబులైటు వెలుగులో ఎడమ పక్క మూడో పలకను ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ తీసేశాను. నాలుగు బద్దలు అతికాక అరచేయి జార్చి చూస్తే అక్కడ పల్లం తగిలింది, నాలుగూ ఊడదీయవలసి వచ్చింది. పల్లం ముందే దొరికితే ఒక మిల్లీమీటరు బద్ద ముక్కను ఆ అంచుకు అతికి, ఆరాక మళ్లీ సాపు చేస్తే సరిపోతుంది, అందులో నామోషీ ఏమీ లేదు.

వెనుక, చుక్కాని వచ్చే చోట వెన్నుపలకను ప్రత్యేకంగా పలచన చేయాలి. దీన్ని మరిచిపోయేవారే ఎక్కువ. వెన్నుపలక 5 మిల్లీమీటర్లు, రెండు పొరలుగా అతికే బద్దలలో పైపొర అర మిల్లీమీటరు, లోపొర ఒకటిన్నర అనుకుంటే, రెండు పక్కలా కలిపి బద్దలే నాలుగు మిల్లీమీటర్లు తింటాయి. చివరికి మందం ఐదే ఉండాలంటే ఆ చివరన వెన్నుపలక ఒక్క మిల్లీమీటరుకు దిగాలి. అక్కడి నుంచి ముందుకు క్రమంగా పూర్తి మందానికి కలిసేటట్టు పెన్సిల్ గీత గీసుకుని, రెండు పక్కలా సమంగా తీయాలి.

కుడి ఎడమలు ఒక్కలా ఉన్నాయో లేదో అట్టముక్కతో తేలుతుంది. ఒక పక్క పలక ఆకారానికి అట్టను కత్తిరించి, తిప్పి రెండో పక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే ఎక్కువ ఉన్న పక్కనే తీయాలి. ఆ తరువాత 120 నంబరు కాగితంతో ఒకసారి తేలికగా తోస్తే చాలు. అంతకంటే నున్నగా చేయనక్కరలేదు, ఇదంతా బద్దల కింద మరుగున పడేదే.

పొడిని పొడి కుంచెతోనే దులపాలి, తడి గుడ్డ పెడితే ప్లైవుడ్ అంచు మళ్లీ ఉబ్బుతుంది. వెంటనే బద్దలు అతకడం కుదరకపోతే ఓడను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి, ముసురు పట్టి వదిలాక పని మొదలుపెడితే మొదటి బద్దకు జిగురు రాయక ముందు పరీక్ష బద్దను మరోసారి ముక్కు నుంచి వెనుక వరకు నడిపించి చూసుకోవాలి.