పసుపు గుంటగలగరా, లాన్‌లో తీగా? పువ్వు కంటే ముందు ఆకు చూడండి

పోయిన శ్రావణంలో తలనూనె కాద్దామని మా అత్తయ్య సంచి నిండా ఆకు కోసుకొచ్చారు. "పసుపు గుంటగలగర దొరికిందమ్మా, గేటు పక్కనే తెగ అల్లుకుంది" అన్నారు. కొబ్బరినూనె అప్పటికే పొయ్యి మీద ఉంది. ఒక రెమ్మ తీసి చూసి స్టవ్ ఆపేశాను. అది వెడీలియా. లాన్‌లలో, రోడ్డు డివైడర్లలో అందం కోసం వేసే తీగ. పైగా లాన్‌కి ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు!

అత్తయ్య పొరబడటంలో వింత లేదు. పువ్వు ఒక్కటే చూస్తే రెండూ అక్కచెల్లెళ్లే. అందుకే నేను ముందు ఆకు పట్టుకుంటాను. వెడీలియా ఆకు మందంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నడిమి మొన పెద్దది, దానికి అటొకటి ఇటొకటి చిన్న మొనలు. ప్రతి ఆకుకూ ఇవి స్పష్టంగా ఉండవు కాబట్టి నాలుగైదు ఆకులు తిప్పి చూడాలి. పసుపు గుంటగలగర ఆకు సన్నగా, కోలగా ఉంటుంది. పక్క మొనలు ఉండవు, అంచున ఎక్కడో ఒకటీ అరా గాట్లు, వేలితో రాస్తే గరుకు. ఇది చెరువు గట్ల మీద, కాలువ తడిలో పెరిగే మన ఆసియా మొక్క. వెడీలియా అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది. కణుపు నేలకు తగిలితే చాలు, వేరు దిగుతుంది. ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది.

మూడోది గడ్డి చామంతి. దీన్ని దూరం నుంచే పట్టేయొచ్చు: నేలబారు మొక్క, జానెడు పొడుగున నూగు కాడ, కాడ చివర ఒక్కటే పువ్వు. చుట్టూ ఉన్న లేతరంగు రేకులు సాధారణంగా ఐదారే ఉంటాయి. ఒక రేకు తుంచి వెలుతురులో పట్టుకోండి, కొస మూడు పళ్లుగా చీలి ఉంటుంది. నిజానికి అది రేకు కాదు, ఒక పూర్తి పువ్వు. మధ్య గుండీలో ఉన్నవీ విడివిడి పూలే. ముదిరితే ఒక్కో గింజకు నూగు గొడుగు వచ్చి గాలికి ఎగిరిపోతుంది. వెడీలియాకు ఆ నూగు ఉండదు.

తుంచగానే పాలు కారి, గుండీ లేకుండా అన్నీ రేకులే కనిపిస్తే అది ఈ మూడింట్లో ఏదీ కాదు.

నూనెకు మా ఇంట్లో వాడే అసలు గుంటగలగరకు పూలు తెల్లగా, చిన్నగా ఉంటాయి. కాడను అరచేతిలో నలిపి కాసేపు ఆగితే పసరు నల్లబడుతుంది. ఈ పరీక్ష అవ్వకుండా ఇప్పుడు మా పొయ్యి మీదికి ఏ ఆకూ ఎక్కదు.

ఫోన్‌లో పువ్వు ఫొటో పంపి "ఇదేనా?" అని అడిగేవాళ్లకు నా మనవి ఒక్కటే. ఆకు, కణుపు, పూకాడ మూడూ కనిపించేలా ఒక రెమ్మను తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీయండి.