పర్పుల్ ప్రెయిరీ క్లోవర్ విత్తేముందు కాస్త బెల్లం నీళ్లు

అమెరికాలో ఇల్లినాయ్, కాన్సస్ వైపు పెరట్లో అక్కడ సహజంగా పెరిగే పూలే పెంచాలనుకునేవాళ్లకి ఒక మాట. పర్పుల్ ప్రెయిరీ క్లోవర్ మన కంది, పెసరల కుటుంబమే. వేసవిలో బొటనవేలంత కంకి కింద నుంచి పైకి ఊదారంగు వలయంలా పూస్తుంది, తేనెటీగలు వదలవు.

విత్తనాల్ని శాండ్ పేపర్ మధ్య తేలిగ్గా రుద్దండి, పైతోలు గట్టిది. తర్వాత మన ఊళ్లో వేరుశనగకి రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే మేలు బ్యాక్టీరియా) పట్టించినట్టే: చల్లారిన బెల్లం నీళ్లు రెండు చుక్కలు, పైన ఆ బ్యాక్టీరియా ఉన్న కల్చర్ పొడి, నీడలో ఆరబెట్టి వెంటనే చల్లేయడం. పొడి మాత్రం ప్రెయిరీ క్లోవర్‌కి సరిపోయేదే అడిగి తీసుకోండి. సోయాకి అమ్మేది దీనికి పనికిరాదు.

ఎండ తగిలే, నీరు నిలవని చోటే వేయండి. మొదటి ఏడాది పైకి పీలగా కనిపిస్తే కంగారుపడి ఎరువు వేయొద్దు, అది తల్లివేరు దింపుకుంటూ ఉంటుంది. అందుకే తర్వాత పీకి వేరేచోట నాటినా బతకడం కష్టం. కుందేళ్లకి లేత మొక్కంటే మహా ఇష్టం. చుట్టూ జాలీ కట్టకపోతే మీరు పెంచింది వాటికే.