పేషెంటు ఇంటికెళ్లాక కూడా పనిచేసే మందుల చీటీ రాయడం ఎలా?

నెల్లూరు జిల్లా పొదలకూరులో నాదొక చిన్న క్లినిక్. కొన్నేళ్ల కిందట, నిమ్మకాయల కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక పెద్దమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, ఏమడిగినా పొంతన లేని జవాబు. ఎండదెబ్బ అనుకున్నాడు కొడుకు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 42. నరానికి గ్లూకోజ్ ఎక్కిస్తే కాసేపటికి కళ్లు నిలిపి చూసి, "ఏందయ్యా, నన్నెందుకు ఈడికి తెచ్చారు?" అంది.

కొడుకు చేతిలోని క్యారీ బ్యాగ్ బల్ల మీద గుమ్మరించాం. రెండు షుగర్ మాత్రల షీట్లు బయటపడ్డాయి. ఒకటి నేను రాసింది, ఇంకొకటి నెల్లూరులో చూపించుకున్నప్పుడు రాసింది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలున్న మందు మాత్రం ఒకటే, గ్లిమిపిరైడ్. ఇద్దరు డాక్టర్లు రెండు మాత్రలు ఇచ్చారు కదా అని రోజూ రెండూ వేసుకుంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. వేరే ఏం వాడుతున్నావమ్మా అని నేను అడగలేదు. చీటీలో బ్రాండ్ పేరు ఒక్కటే గీకి పంపాను. ఈ మందు వల్ల పడిపోయిన షుగర్ ఒకసారి లేచినా మళ్లీ పడుతుంది, ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. అందుకని అప్పుడే నెల్లూరు పంపాం. ఆమె కోలుకుంది.

పేషెంటు మన ముందు కూర్చునేది ఐదు నిమిషాలు. మనం రాసిచ్చిన చీటీ ఆ ఇంట్లో ముప్పై రోజులుంటుంది. ఆ ముప్పై రోజులకు సరిపడా చీటీ ఎలా రాయాలో, నేను మార్చుకున్న పద్ధతులు వరుసగా చెబుతాను. క్లినిక్ నడిపేవాళ్లకు, అందులో పనిచేసే నర్సమ్మలకు ఇవి నేరుగా పనికొస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు కూడా చదివితే, ఏం అడగాలో తెలుస్తుంది.

1. పెన్ను తీయకముందు సంచి తెరిపించండి

"మందులేమైనా వాడుతున్నారా?" అని ఒక్క ప్రశ్న అడిగితే "ఏం లేదు సార్" అనే వస్తుంది. అబద్ధమాడాలని కాదు, వాళ్ల లెక్కలో నొప్పి బిళ్ల మందే కాదు. అందుకే విడివిడిగా అడగాలి. వేరే డాక్టర్ రాసినవి ఏమున్నాయి? చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నవి ఏమున్నాయి? ఊళ్లో సూది వేయించుకున్నారా? నాటుమందు, పసరు ఏమైనా తాగుతున్నారా? అపాయింట్‌మెంటుకు ఫోన్ చేసిన వాళ్లకు "ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రండి" అని మా నర్సు ముందే చెబుతుంది.

ఈ ప్రశ్నల్లో నొప్పి బిళ్ల గురించి అడిగేదానికే నేను ఎక్కువ సమయం ఇస్తాను. ఉదయగిరి మెట్టలోనూ అటు కనిగిరి వైపూ ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాళ్లు ఎందరో. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో చాలాచోట్ల అంతకు మించి ఉంటుంది. నడుము పట్టేస్తే కూలికి పోలేరు, కూలికి పోకపోతే గడవదు, కాబట్టి పొద్దున్నే ఒక డైక్లోఫెనాక్ వేసుకుని బయల్దేరతారు. దానికితోడు బీపీకి టెల్మిసార్టానో ఎనలాప్రిలో వాడుతుంటారు. ఆ మాత్రలోనే మూత్రం ఎక్కువ పోయే మందు కూడా కలిసి ఉండవచ్చు. ఎండలో చెమటలు కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మూడూ కలిస్తే కిడ్నీలకు రక్తం సరిగా అందదు. కాళ్లు వాచేదాకా మనిషికి తెలియదు. నొప్పి బిళ్లలు రోజూ వాడుతున్నామని చెప్పినవాళ్లకు చీటీలో మొదటి వరుసలోనే "రక్తంలో క్రియాటినిన్ పరీక్ష" అని రాయండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది అదే. నొప్పికి పారాసిటమాల్ మోతాదు చూసి ఇవ్వండి. "సార్, ఎట్టాగైనా ఒక సూదెయ్యండి, తొందరగా తగ్గుద్ది" అని బతిమాలితే మనసు కరుగుతుంది, నిజమే. కానీ కిడ్నీ దెబ్బతిన్నాక వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు నెల్లూరు బస్సెక్కే మనుషుల్ని చూస్తున్నాం. ఆ రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పక తప్పదు.

2. చీటీ పైభాగంలో బీపీ, బరువు

ఆటో దిగి, వీధి చివర టీ తాగి, గబగబా లోపలికొచ్చిన మనిషి చేతికి వెంటనే పట్టీ చుడితే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. ఆ ఒక్క అంకె చూసి జీవితాంతం మాత్ర రాయడం అన్యాయం. టీ, కాఫీ, బీడీ మానేసి అరగంట కావాలి. మూత్రానికి వెళ్లి రమ్మనాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాలి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అది తాడులా బిగుస్తుంది, అందుకని విప్పించాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది, కాబట్టి రెండు సైజుల పట్టీలు కొనిపెట్టుకోండి. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండు అంకెలూ రాయండి. 140/90 దాటితే, మరీ ఎక్కువ లేనప్పుడు, ఇంకో రోజు పిలిచి చూశాకే బీపీ ఉందని పేరు పెట్టండి.

పిల్లల విషయంలో బరువు లేని చీటీ సగం చీటీయే. జ్వరానికిచ్చే పారాసిటమాల్ సిరప్ ఒకటి 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములది, ఇంకొకటి 250ది. చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. మోతాదు ఒకసారికి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 150 అనుకుంటే, 250 సిరప్ 3 మిల్లీలీటర్లు, 125 సిరప్ అయితే 6. "ఒక స్పూను" అని రాస్తే ఆ తల్లి ఏ సీసా కొంటుందో, ఏ స్పూనుతో పోస్తుందో మనకు తెలియదు. చుక్కల మందును స్పూనుతో తాగించిన ఇల్లు ఉంది. ఎన్ని మిల్లీలీటర్లో రాసి, సీసాతో వచ్చే కొలత మూత మీద పెన్నుతో గీత గీసి ఇవ్వండి.

దగ్గు సిరప్ విషయంలో నియమాలు మారాయి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసిన సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే సూచన పంపింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు వాళ్లకు వాడకూడదని లేబుల్ మీద ముద్రించాలని 2023లోనే ఆదేశాలున్నాయి. ఏమీ రాయకుండా పంపితే తల్లికి టెన్షన్, షాపుకెళ్లి తానే కొంటుంది. కాబట్టి చీటీలో ఏదో ఒకటి రాయాలి: గోరువెచ్చని నీళ్లు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, ఏడాది దాటిన బిడ్డకు రాత్రి పడుకునేముందు ఒక చెంచా తేనె. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగకపోతే ఆ రాత్రే తీసుకురావాలని కింద గీత గీసి మరీ రాస్తాను.

3. ఇక మందు పేరు

జెనరిక్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, విడదీసిన పెద్ద అక్షరాల్లో. ఇది 2016లో వైద్య నియమావళిలో చేర్చిన మాటే, కొత్తదేం కాదు. బ్రాండ్ పేరు రాయాలనిపిస్తే దాని పక్కన రాసుకోండి. నా చీటీలో గ్లిమిపిరైడ్ అనే మాట ఉండి ఉంటే, నెల్లూరు డాక్టరో షాపులో కుర్రాడో పట్టుకుని ఉండేవాళ్లు.

వేసుకునే విధానం మాత్రం తెలుగులో రాస్తాను. ఇంగ్లిషు పొడి అక్షరాలు షాపువాళ్లకు అర్థమవుతాయి, ఇంట్లో మాత్ర మింగే మనిషికి కావు. చదువురాని వాళ్లకు ఉదయానికి సూర్యుడు, రాత్రికి నెలవంక గీస్తాను, మా నర్సు షీట్ మీద కూడా అదే బొమ్మ వేస్తుంది. అన్నానికి ముందా, తర్వాతా అన్నది ప్రతి మందుకూ విడిగా రాయాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, మెట్‌ఫార్మిన్ అన్నంతో. బీపీ మాత్ర పక్కన "అయిపోతే ఆపొద్దు, మళ్లీ కొనుక్కోండి" అని నేను మానకుండా రాసే వాక్యం. నెల రోజుల షీట్ అయిపోగానే రోగం నయమైందనుకుని ఆపేసి, పక్షవాతంతో వచ్చినవాళ్లున్నారు.

ఒక్క మందు దగ్గర మాత్రం చెయ్యి ఆపి రెండుసార్లు చూసుకోండి. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికొస్తుంది. "వారానికొకటి" అని వదిలేయకుండా "ఆదివారం మాత్రమే" అని వారం పేరు పెట్టండి.

యాంటీబయాటిక్ అయితే ఎన్ని రోజులో రాయాలి. షెడ్యూల్ హెచ్1లో, అంటే కొన్ని యాంటీబయాటిక్‌లతో సహా గట్టి నిఘా ఉండే మందుల జాబితాలో ఉన్నవాటికి షాపువాళ్లు పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి, ఇది 2014 నుంచి అమల్లో ఉంది. మన చీటీలో తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే వాళ్లూ ఇరుక్కుంటారు.

4. ఏం కనిపిస్తే తిరిగి రావాలి

"తగ్గకపోతే రండి" అన్న మాటతో పనిలేదు. ఏం తగ్గకపోతే, ఎన్నాళ్లకు? డెంగీ జ్వరమైతే: జ్వరం దిగిన రోజే కనిపెట్టి చూడండి, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. ఇవే మాటలతో చిన్న చీటీలు ముందే అచ్చు వేయించి పెట్టుకున్నాం, మందుల చీటీకి పిన్ను కొట్టి ఇస్తాం.

దగ్గు రెండు వారాలు దాటితే సిరప్ మార్చడం ఆపి కఫం పరీక్ష రాయండి. టీబీ తేలితే ప్రైవేటు క్లినిక్ అయినా ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేయడం తప్పనిసరి. నమోదైతేనే పేషెంటుకు పోషకాహారం కోసం నెలకు డబ్బు ఖాతాలో పడుతుంది. అది 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. పేరు బయటపడుతుందని భయపడే వాళ్లకు ఈ సంగతి మెల్లగా చెబితే ఒప్పుకుంటారు.

5. నెల్లూరికో ఒంగోలుకో పంపేటప్పుడు

పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ మన చీటీ చదివేది పది సెకన్లు. అందులో ఉండాల్సింది టైము. ఛాతీ నొప్పి ఎన్నింటికి మొదలైంది, ఆస్పిరిన్ ఎన్నింటికి నమిలించాం, ఈసీజీ ఎన్నింటికి తీశాం. పాము కాటైతే కరిచిన టైము, కట్లు కట్టారా, రక్తం గడ్డకడుతుందా లేదా అని చూసిన టైము. ఆ పరీక్షకు కావలసింది శుభ్రమైన, పొడిగా ఉన్న ఒక గాజు గొట్టం. కాస్త రక్తం అందులో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూస్తే చాలు. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పాము కాటు అనుకోవచ్చు. విషానికి విరుగుడు మందు ఎన్ని సీసాలు ఎక్కించామో కూడా రాయాలి. మీ ఫోన్ నంబరు రాయండి, ఆ రాత్రి ఫోన్ ఎత్తండి.

6. వాట్సాప్‌లో అడిగినప్పుడు

రిపోర్టు ఫోటో పెట్టి "ఏం వాడాలి సార్?" అని అడగడం మామూలైపోయింది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దీన్ని కాదనలేదు, హద్దులు పెట్టాయి. పేరు, వయసు తెలియకుండా మందు రాయకూడదు, అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఫోన్లో అసలు రాయకూడదు, రాసిందానికి రికార్డు ఉండాలి. నేను ఫోన్లో చెప్పినా చీటీ మీదే రాసి ఫోటో తీసి పంపుతాను. రిపోర్టులు గ్రూపుల్లో మాత్రం పెట్టించుకోకండి.

7. ఒక కాపీ మన దగ్గర

కంప్యూటరు లేకపోతే కార్బన్ పేపరు చాలు. చేర్చుకున్న పేషెంట్ల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అన్నది నియమం. నేను ఓపీ చీటీలకూ దాన్నే పాటిస్తున్నాను. చీటీ పోగొట్టుకుని వచ్చినవాళ్లను కసరకుండా కాపీ తీసి ఇస్తే, మళ్లీ అన్ని పరీక్షలు చేయించే ఖర్చు తప్పుతుంది.

8. గడప దాటకముందు

మందులు కొన్నాక పేషెంటును మళ్లీ క్లినిక్‌లోకి రమ్మంటాం. మా నర్సు షీట్లన్నీ బల్ల మీద పరిచి "రాత్రికి ఏది వేసుకుంటావు పెద్దమ్మా, చూపించు" అంటుంది. "అర్థమైందా?" అని అడగదు, అలా అడిగితే ప్రతివాళ్లూ తలూపుతారు. చేత్తో తీసి చూపించమంటే పొరపాటు అక్కడికక్కడే దొరుకుతుంది. ఆటోలో వచ్చిన ఆ పెద్దమ్మ ఇప్పటికీ నెలనెలా వస్తుంది. మందుల చీటీని ఆధార్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటుంది. మొన్న నెల్లూరులో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన అడగకముందే ఆ కవరు తీసి బల్ల మీద పెట్టిందట.