పసిబిడ్డ నడుము కింద నీలిమచ్చ కనిపిస్తే

కడప, కర్నూలు వైపు ఇళ్లలో బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకొని నీళ్లు పోసే అవ్వకే చాలాసార్లు ముందుగా కనిపిస్తుంది, పిరుదులపైనో నడుము కిందనో పరచుకొన్న ఆ బూడిద కలిసిన నీలిమచ్చ. కాన్పులో దెబ్బ తగిలిందేమోనని వెంటనే అనుమానాలు మొదలవుతాయి. చాలామటుకు అది మంగోలియన్ మచ్చ. రంగునిచ్చే కణాలు చర్మపు లోపలి పొరలో నిలిచిపోవడం వల్ల ఏర్పడుతుంది, హాని చేయదు.

తేడా తేల్చుకోవడానికి ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ వెలుతురులో ఒక ఫోటో తీసి, వారం తరువాత అదే చోట, అదే వేళకు మరొకటి తీసి పోల్చి చూడండి. కమిలిన దెబ్బ అయితే ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ సుమారు రెండు వారాల్లో తగ్గిపోతుంది, తాకితే నొప్పి ఉంటుంది. ఈ మచ్చ మాత్రం వాపు, నొప్పి లేకుండా అలాగే ఉండి, సాధారణంగా బడికి వెళ్లే వయసుకు దానంతటదే వెలిసిపోతుంది. సున్నిపిండితో ఎంత రుద్దినా పోదు, లేత చర్మం కందిపోవడం తప్ప.

టీకాకు వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించి, మచ్చ ఎక్కడ ఉందో కార్డులో రాయించుకోండి. రేపు ఇంకొకరు చూసి దెబ్బలని పొరబడరు. పుట్టిన కొన్ని నెలల తరువాత కొత్త మచ్చలు వస్తున్నా, వీపు, పొట్ట అంతటా వ్యాపించి ఉన్నా, టీకా తేదీ దాకా ఆగకుండా పిల్లల డాక్టరును కలవాలి.