సిస్టమ్ అనాలిసిస్ నేర్చుకుందాం - 3వ పాఠం: వృత్తాన్ని విప్పడం

కిందటి పాఠంలో, బెంగళూరులో మనవాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్లిలో ఒక పీజీ హాస్టల్ తీసుకుని కాంటెక్స్ట్ డయాగ్రామ్, అంటే మొత్తం వ్యవస్థను ఒకే పనిగా చూపే బొమ్మ, గీశాం. మధ్యలో "పీజీ నిర్వహణ" అనే ఒకే వృత్తం, బయట రెండు చతురస్రాలు: ఓనరు, పీజీలో ఉండేవాళ్ళు. ఈసారి ఆ వృత్తాన్ని విప్పి, లోపలి పనుల మధ్య ఏ డేటా నడుస్తుందో చూపే డేటా ఫ్లో డయాగ్రామ్ (డీఎఫ్‌డీ) గీద్దాం.

గుర్తులు మరోసారి. వృత్తం అంటే పని. చతురస్రం అంటే బయటివాళ్ళు. రెండు సమాంతర గీతలు డేటా స్టోరు, అంటే మన రిజిస్టర్లు. బాణం అంటే డేటా. దాని మీద నడిచేది డబ్బు కాదు, డబ్బు లెక్క. ఇది సాఫ్ట్‌వేర్ నిపుణులు డిమార్కో, యోర్డాన్‌ల పద్ధతి. గేన్, సార్సన్‌ల పద్ధతిలో పనికి మూలలు గుండ్రంగా ఉన్న పెట్టె గీస్తారు. రెండూ 1970లలో వచ్చినవే. ఏదో ఒకటి పట్టుకోండి, కలపకండి.

లోపల మూడు పనులు కనిపిస్తాయి: 1. చేర్చుకోవడం, 2. అద్దె వసూలు, 3. అడ్వాన్సు వాపసు. స్టోర్లు రెండు: అడ్మిషన్ రిజిస్టరు, వసూళ్ళ పుస్తకం. మొదటి రెండు పనులూ మీరే గీసేయగలరు.

మూడోదాని దగ్గర ఆగుదాం. లోపలికి వచ్చేవి "ఖాళీ చేస్తున్నానన్న కబురు", "కట్టిన అడ్వాన్సు". బయటికి వెళ్ళేది "వాపసు మొత్తం". అడ్వాన్సు రూ. 10,000 అనుకుని లెక్క వేసి చూడండి. మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకోవాలి? నెల ముందు చెప్పకపోతే ఎంత? అద్దె బాకీ ఉందా? ఏ బాణమూ చెప్పడం లేదు. ఇలా వచ్చిన డేటా చాలకుండానే జవాబు పుట్టించే పనిని గ్రే హోల్ అంటారు. ఖాళీ చేసే రోజు గొడవలు మొదలయ్యేది కూడా ఇక్కడే, ఎందుకంటే లెక్క ఓనరు మనసులో ఉంటుంది, కాగితం మీద ఉండదు. నా దృష్టిలో డీఎఫ్‌డీకి ఇంతకు మించిన ఉపయోగం లేదు: ఒక్క లైను కోడ్ రాయకముందే, ఓనరును ఏం అడగాలో చెప్పేస్తుంది.

సరిచేద్దాం. వసూళ్ళ పుస్తకం నుంచి "బాకీ" బాణం తెండి. "నిబంధనలు" అనే కొత్త స్టోరు పెట్టి, దాని నుంచి మరో బాణం. ఆ స్టోరులోకి ఓనరు నుంచి నేరుగా గీత గీయకూడదు. బయటివాళ్ళకీ స్టోరుకీ మధ్య పని ఉండి తీరాలి. కాబట్టి 4. నిబంధనల నమోదు. ఓనరు నుంచి కొత్త బాణం వచ్చింది కనుక, వెనక్కి వెళ్ళి కాంటెక్స్ట్ డయాగ్రామ్‌లోనూ అదే పేరుతో చేర్చండి. దీన్ని బ్యాలెన్సింగ్ అంటారు. చాలామంది వదిలేసేది ఇదే.

అభ్యాసం: మూడో పనిని 3.1, 3.2, 3.3గా విడగొట్టండి. లోపలికి, బయటికి వెళ్ళే బాణాలు మారకూడదు. "బాకీ"లో ఏమేం ఉండాలో వచ్చే పాఠంలో డేటా డిక్షనరీలో, అంటే ఏ డేటాలో ఏమేం ఉంటాయో రాసుకునే జాబితాలో, రాద్దాం.